అనుకూలనానికి లెక్క కట్టిన హాల్డేన్

పోయిన సెమిస్టరు ఎన్విరాన్‌మెంట్ పేపర్లో అనుకూలనం గురించి రాయమని ఒక ప్రశ్న వచ్చింది. ఒంటె ఎడారిలో బతకాలి కాబట్టి మూపురం పెంచుకుంది, ధ్రువపు ఎలుగుబంటి మంచులో కలిసిపోవాలని తెల్లగా మారింది అంటూ రెండు పేజీలు నింపేశాను. పేపరు తిరిగొచ్చాక చూస్తే పెంచుకుంది, మారింది అన్న రెండు మాటల కిందా ఎర్రగీతలు. తెలుగు బాగానే ఉందిట, సైన్సే తిరగబడిందిట.

మిగతా ఎక్కడ తప్పు దొరికినా ఊరుకునేదాన్నేమో గానీ, తెలుగు విభాగం అమ్మాయికి క్రియాపదం దగ్గర తప్పు పడితే ఊరుకోబుద్ధి అవుతుందా? అదేమిటో తేల్చుకుందామని లైబ్రరీలో కూర్చుంటే ఒక మనిషి జీవితం చేతికి తగిలింది. ఆయన పుట్టింది ఇంగ్లండులో. కన్నుమూసింది మన ఒడిశాలో, భువనేశ్వర్‌లో. చివరికి ఆయన దేహం చేరింది కాకినాడకి. ఆ రెండు ఊళ్ళ మధ్య రైలు దారిలోనే మన బరంపురం ఉంది. ఆయన పేరు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. లోకం జె.బి.ఎస్. హాల్డేన్ అంటుంది. నా రెండు క్రియాపదాల తప్పు ఏమిటో ఆయన జీవితమంతా చదివాక గానీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. అందుకే ఈసారి గోడపత్రికకి ఆయన కథ రాస్తున్నాను.

గనిలో మొదటి పాఠం

హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ కూడా పేరున్న శాస్త్రవేత్త. మనిషి ఊపిరి ఎలా పీలుస్తాడు, బొగ్గుగనుల్లో పేలుడు జరిగినప్పుడు కూలీలు దేనివల్ల చనిపోతున్నారు అన్నది ఆయన పరిశోధన. విషవాయువుని పసిగట్టడానికి గనిలోకి కెనరీ పిట్టని తీసుకెళ్ళే పద్ధతి ఆయన చెప్పిందే. ఏ వాయువు ఎంత హాని చేస్తుందో తెలుసుకోవడానికి ముందు తనే పీల్చి చూసేవారు. ఇంట్లో జాక్ అని పిలుచుకునే కొడుకుని కూడా చిన్నప్పటి నుంచే వెంట తిప్పుకునేవారు.

ఒకసారి గనిలో పైకప్పు దగ్గర మీథేన్ వాయువు పేరుకున్న చోట, కుర్రాణ్ణి నిలబెట్టి షేక్స్‌పియర్ నాటకంలోని ఒక ప్రసంగం అప్పజెప్పమన్నారు. కొంతసేపటికి జాక్‌కి ఊపిరి అందక కాళ్ళు తేలిపోయి కింద పడ్డాడు. నేల మీద పడగానే మళ్ళీ ఊపిరి ఆడింది. మీథేన్ గాలి కంటే తేలిక, పైన ఉంటుంది, కింద ఉండదు అన్న పాఠం ఆ పిల్లాడు ఇంక జన్మలో మర్చిపోలేదు. 1906లో, పదమూడేళ్ళ వయసులో, డైవర్ల దుస్తులు వేసి సముద్రంలోకి కూడా దింపారు. దుస్తులు వదులైపోయి చన్నీళ్ళు లోపలికొచ్చేశాయి. ఈ కాలంలో ఏ తండ్రైనా ఇలా చేస్తే ఊరంతా తిడుతుంది.

ఆ తండ్రే 1911లో అమెరికాలోని పైక్స్ పీక్ అనే శిఖరం మీద, సుమారు 4,300 మీటర్ల ఎత్తున, స్నేహితులతో కొన్ని వారాలు మకాం వేశారు. ఎక్కిన కొత్తలో తలనొప్పి, వికారం, ఆయాసం. రోజులు గడిచే కొద్దీ ఊపిరి తీసుకునే తీరు మారింది, రక్తంలో హిమోగ్లోబిన్ పెరిగింది, ఒళ్ళు అలవాటు పడింది. కిందికి దిగాక ఆ మార్పంతా మెల్లగా పోయింది. ఇది ఒక ఒంటి సర్దుబాటు. ఒక మనిషి బతికుండగా జరుగుతుంది, ఆ మనిషితోనే ఆగిపోతుంది. కొండెక్కిన వాళ్ళ పిల్లలకి ఆ ఎర్రరక్తం వారసత్వంగా రాదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దీంతో పని ఉంది.

సైన్సు డిగ్రీ లేని శాస్త్రవేత్త

మన విభాగం వాళ్ళందరూ వినాల్సిన సంగతి ఇది. ఇంత పెద్ద జీవశాస్త్రవేత్తకి జీవశాస్త్రంలోనే కాదు, ఏ సైన్సులోనూ డిగ్రీ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో మొదట గణితం చదివి ఫస్టు క్లాసు తెచ్చుకున్నారు. తర్వాత గ్రీకు, లాటిన్ సాహిత్యం, తత్వం చదివి 1914లో మళ్ళీ ఫస్టు క్లాసు. అంటే ఒక విధంగా మనలాగే భాషా సాహిత్యాల విద్యార్థి.

మరి జీవశాస్త్రం ఎక్కడ పట్టుబడిందంటే, ఇంట్లోనే. ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి ఆయన్ని ఒక ఉపన్యాసానికి తీసుకెళ్ళారు. బఠాణీ మొక్కల మీద మెండెల్ చేసిన పని అప్పుడే మళ్ళీ వెలుగులోకి వచ్చిన రోజులు. తర్వాత చెల్లెలు నవోమి ఇంటి పెరట్లో వందల కొద్దీ గినీ పిగ్‌లని పెంచింది. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఏ రంగు తల్లిదండ్రులకి ఏ రంగు పిల్లలు పుడుతున్నాయో రాసుకునేవాళ్ళు. ఆ నవోమి మిచిసన్ తర్వాత పెద్ద రచయిత్రి అయింది.

ఎలుకల మీద కూడా అలాగే పని చేసి, కొన్ని లక్షణాలు జంటగా వారసత్వంగా వస్తాయని చూపించారు. ఆ వ్యాసం 1915లో అచ్చయింది. అప్పటికి మొదటి ప్రపంచయుద్ధం మొదలై హాల్డేన్ సైన్యంలో ఉన్నారు. ఆ పనిలో తోడున్న మిత్రుడు యుద్ధంలో చనిపోయాడు. హాల్డేన్ ఫ్రాన్సులో ఒకసారి, మెసొపొటేమియాలో ఒకసారి గాయపడ్డారు. రెండోసారి కోలుకోవడానికి ఆయన్ని పంపింది మన దేశానికే. ఈ దేశం ఆయనకి బాగా నచ్చింది. కానీ దొరల దేశం నుంచి వచ్చిన అధికారిగా ఇక్కడి మనుషులతో సమానంగా కలిసి తిరగడం కుదరదని అర్థమైంది. సమానంగా ఉండగలిగే రోజు వస్తే మళ్ళీ రావాలనుకున్నారు. ఆ మాట నలభై ఏళ్ళ తర్వాత నిలబెట్టుకున్నారు.

నల్ల చిమ్మట లెక్క

యుద్ధం తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో, 1923 నుంచి కేంబ్రిడ్జిలో పని చేశారు. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం నిజమే గానీ అది చాలా నెమ్మదిగా, కంటికి కనపడనంత స్వల్పంగా జరుగుతుందని అప్పట్లో చాలామంది అనుకునేవారు. దాన్ని లెక్కలో పెట్టి చూద్దామని హాల్డేన్ 1924లో ఒక వ్యాసాల వరస మొదలుపెట్టారు. అందులో ఆయన తీసుకున్న ఉదాహరణ ఒక చిమ్మట. రాత్రిపూట దీపం చుట్టూ తిరుగుతాయే, ఆ జాతి రెక్కల పురుగు.

ఇంగ్లండులో పెప్పర్డ్ మాత్ అనే చిమ్మట ఉంది. తెల్లని రెక్కల మీద మిరియాల పొడి చల్లినట్టు మచ్చలు ఉంటాయి. చెట్ల బెరడు మీద వాలితే పక్షుల కంట పడదు. 1848లో మాంచెస్టర్‌లో పూర్తిగా నల్లటి చిమ్మట ఒకటి దొరికినట్టు రాసి ఉంది. అప్పటికి అది అరుదైన వింత. కానీ ఫ్యాక్టరీల పొగ, మసి చెట్లన్నిటినీ నల్లబరిచింది. మసి పట్టిన బెరడు మీద తెల్లది టక్కున కనపడేది, నల్లది కనపడేది కాదు. అర్ధ శతాబ్దం తిరిగేసరికి ఆ ప్రాంతాల్లో నూటికి తొంభైకి పైగా నల్లవే.

ఈ చిమ్మటకి ఏడాదికి ఒక తరం. అంటే యాభై తరాల్లో బొమ్మ తిరగబడింది. ఇంత తొందరగా తిరగబడాలంటే నల్లవాటికి ఎంత లాభం ఉండాలని హాల్డేన్ లెక్క వేశారు. తెల్లవి వంద పిల్లల్ని మిగిల్చిన చోట నల్లవి సుమారు నూట యాభై మిగల్చాలి అని తేలింది. స్వల్పం అనుకున్నది యాభై శాతం! ఆయన ఆ చిమ్మటల్ని అడవిలో వెంటాడి ఈ మాట చెప్పలేదు, కాగితం మీద తేల్చారు. 1950ల్లో కెటిల్‌వెల్ అనే ఆయన చిమ్మటల్ని అడవిలో వదిలి, పక్షులు వేటిని ఎక్కువ తింటున్నాయో చూశాకే దానికి కళ్ళెదుట సాక్ష్యం దొరికింది. పొగ తగ్గించే చట్టాలు వచ్చాక చెట్లు మళ్ళీ తేటపడ్డాయి, తెల్లవి మళ్ళీ పెరిగాయి.

ఇప్పుడు నా ఎర్రగీత దగ్గరికి వద్దాం. ఏ ఒక్క తెల్ల చిమ్మటా నల్లగా మారలేదు. మారాలని ఏదీ అనుకోలేదు. పుట్టుకతోనే నల్లగా ఉన్నవి మిగిలాయి, తెల్లవి పక్షుల నోట పడ్డాయి. మారింది చిమ్మట కాదు, చిమ్మటల గుంపులో పాళ్ళు. కొండ మీద హాల్డేన్ తండ్రి ఒంట్లో జరిగింది ఒక రకం, ఇది పూర్తిగా వేరే రకం. మన తెలుగులో రెండింటికీ సర్దుకోవడం అనే వాడేస్తాం. నేను పరీక్షలో చేసిన తప్పు సరిగ్గా అదే.

తన ఒళ్ళే ప్రయోగశాల

లెక్కలు వేసే మనిషి అంటే గదిలో కూర్చునే మనిషి అనుకోకండి. తండ్రి అలవాటు కొడుక్కీ వచ్చింది. రక్తంలో ఆమ్లం పెరిగితే ఏమవుతుందో చూడ్డానికి అమ్మోనియం క్లోరైడ్ నీళ్ళలో కలిపి తాగారు. రోజుల తరబడి ఆయాసంతో రొప్పారు. కుందేలు మీద చేస్తే దానికి తలనొప్పి ఉందో లేదో అది చెప్పలేదు కదా అన్నది ఆయన వాదం.

1926లో జంతువుల పరిమాణం మీద రాసిన వ్యాసం ఇప్పటికీ పేరున్నదే. ఎలుక లోతైన గనిలో పడినా దులుపుకుని నడిచిపోతుంది, మనిషి పడితే ముక్కలైపోతాడు. ఎలుక ధైర్యం కాదు అది. ఒళ్ళు చిన్నదైన కొద్దీ బరువుతో పోలిస్తే పైచర్మం వైశాల్యం ఎక్కువ, గాలి దాన్ని ఆపుతుంది. అదే చిన్న ఒంటికి నీటిబొట్టు గండం. తడిసిన ఈగ తన బరువుకి మించిన నీటిని మోయాలి. ఒక చోట మేలు చేసే ఒళ్ళు ఇంకో చోట కీడు చేస్తుంది. అన్నిటికీ పనికొచ్చే ఒళ్ళు ఎక్కడా లేదు.

1933లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి ప్రొఫెసరుగా వెళ్ళారు. 1939 జూన్‌లో థీటిస్ అనే కొత్త జలాంతర్గామి లివర్‌పూల్ తీరంలో మునిగి 99 మంది చనిపోయారు. నలుగురే బయటపడ్డారు. వాళ్ళు ఎందుకు బయటికి రాలేకపోయారో కనుక్కోమని కార్మిక సంఘాలు హాల్డేన్‌ని అడిగాయి. ఆయన, కొందరు మిత్రులు ఉక్కు గదిలో తలుపులు బిగించుకుని, తాము వదిలిన గాలినే తాము గంటల తరబడి పీలుస్తూ కూర్చున్నారు. తల పగిలే నొప్పి, వాంతులు, రొప్పు. అలాంటి స్థితిలో ఉన్న మనిషి తప్పించుకునే పరికరం సరిగ్గా వాడలేడని తెలిసింది.

రెండో ప్రపంచయుద్ధంలో కూడా ఒత్తిడి గదుల్లో ఈ పనే సాగింది. విద్యార్థిని హెలెన్ స్పర్వే కూడా ఆ గదుల్లో కూర్చున్నారు. 1945లో వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకున్నారు. ఒక ప్రయోగంలో ఫిట్స్ వచ్చి హాల్డేన్ వెన్నుపూస దెబ్బతింది. ఆ నొప్పి జీవితాంతం ఉండిపోయింది. అయినా ఆయన నావికుల్ని చెడ్డ గాలికి అలవాటు పడమని చెప్పలేదు. ఒళ్ళు ఎంతవరకు సర్దుకోగలదో కొలిచి, ఆ గీత దాటితే మార్చాల్సింది గాలిని అని చూపించారు.

తప్పటడుగు

గొప్పవాళ్ళ కథ రాసేటప్పుడు వాళ్ళ మచ్చలు దాచేస్తే గోడపత్రిక గోడకి సున్నం కొట్టినట్టే ఉంటుంది. అందుకని ఇదీ రాస్తున్నాను.

హాల్డేన్ కమ్యూనిస్టు. కార్మికుల పత్రికలో వందల కొద్దీ సైన్సు వ్యాసాలు సులువైన మాటల్లో రాశారు. ఆ రోజుల్లో సోవియట్ రష్యాలో లైసెంకో అనే ఆయన గోధుమల్ని చలికి అలవాటు చేస్తే ఆ అలవాటు గింజల ద్వారా తర్వాతి తరాలకి కూడా వస్తుందని చెప్పి ప్రభుత్వాన్ని ఒప్పించాడు. అంటే ఒక ఒంటి సర్దుబాటునీ, తరాల అనుకూలనాన్నీ కలిపేశాడు. నా పరీక్ష పేపరు తప్పే, కాకపోతే నాకు పోయింది రెండు మార్కులు. అక్కడ పోయినవి ప్రాణాలు. లైసెంకోని ఒప్పుకోని వృక్షశాస్త్రవేత్త వావిలోవ్‌ని 1940లో అరెస్టు చేశారు. 1943లో ఆయన జైల్లో తిండి లేక చనిపోయారు. వావిలోవ్ హాల్డేన్‌కి తెలిసినవాడే. 1928లో రష్యాకి పిలిచి ఆతిథ్యం ఇచ్చింది ఆయనే.

1948లో రష్యాలో జన్యుశాస్త్రం మీదే వేటు పడింది. లైసెంకో చెప్పింది తప్పని లెక్క కట్టి చూపించగల వాళ్ళు ప్రపంచంలో ఎందరో లేరు, ఆ కొద్దిమందిలో హాల్డేన్ ఒకరు. కానీ పార్టీ మీద అభిమానంతో ఆయన సూటిగా ఖండించలేకపోయారు. అటూ ఇటూ కాకుండా మెత్తగా మాట్లాడారు. 1950 ప్రాంతంలో పార్టీకి దూరమయ్యారు గానీ, నోరు విప్పాల్సిన వేళ విప్పలేదన్న మాట ఆయన మీద ఉండిపోయింది. విషవాయువు పీల్చడానికి వెనుకాడని మనిషి, తనవాళ్ళు అనుకున్న వాళ్ళ ముందు నిజం చెప్పడానికి వెనుకాడారు. నాకు ఆయన కథలో అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకున్నది ఇదే.

వెల ఎవరు కట్టారు

అదే 1948లో స్టాక్‌హోమ్‌లో జరిగిన జన్యుశాస్త్రుల సభలో ఆయన ఒక కొత్త ఊహ చెప్పారు. మధ్యధరా సముద్రపు తీరాల్లో తలసీమియా అనే రక్తపు జబ్బు ఎక్కువ. పిల్లల్ని చంపే జబ్బు కదా, ఆ జన్యువు ఎప్పుడో తుడిచిపెట్టుకుపోవాలి. ఎందుకు పోలేదు? ఆ తీరాల్లో మలేరియా కూడా ఎక్కువ. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే ఆ జన్యువు వచ్చిన వాళ్ళకి జబ్బు ముదరదు, పైగా మలేరియా నుంచి రక్షణ దొరుకుతుందేమో అన్నారు. 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో సికిల్ సెల్ జన్యువు విషయంలో అచ్చంగా ఇలాంటిదే జరుగుతోందని చూపించారు.

సికిల్ సెల్ మనకి దూరపు మాట కాదు. ఒడిశా పశ్చిమ జిల్లాల్లో, ఆంధ్ర మన్యంలో ఎన్నో కుటుంబాలు దీంతో బాధపడుతున్నాయి. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి, సన్న నాళాల్లో ఇరుక్కుని భరించలేని నొప్పులు పెడతాయి. తల్లికీ తండ్రికీ ఒక్కొక్క సికిల్ జన్యువు ఉంటే ఇద్దరూ ఆరోగ్యంగానే కనపడతారు. వాళ్ళకి పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం, నాలుగింట రెండు వంతులు అమ్మానాన్నల్లాగే ఒక జన్యువు మోసే అవకాశం, మిగతా ఒక వంతు అసలు ఆ జన్యువు లేకుండా పుట్టే అవకాశం. చిన్న రక్తపరీక్షతో ముందే తెలుసుకోవచ్చు.

ఇక్కడ అనుకూలనం అన్న మాటకి అసలు అర్థం తెరుచుకుంటుంది. మలేరియా ఉన్న నేల మీద ఒక జనం బతికి బట్టకట్టింది. బాగానే ఉంది. కానీ ఆ రక్షణకి వెల ఎవరు కడుతున్నారు? ఆ నాలుగో బిడ్డ. అనుకూలనం మొత్తం గుంపుకి లాభం కావచ్చు, అందులో ఒక్కొక్కరికీ లాభం కానక్కర్లేదు. దోమలు తగ్గిపోయిన ఊళ్ళో కూడా ఆ బిడ్డ వెల కడుతూనే ఉంటుంది.

ఈ వెలని కూడా హాల్డేన్ లెక్క వేయకుండా వదల్లేదు. 1957లో రాసిన వ్యాసంలో, ఒక జాతిలో ఒక పాత జన్యువు పోయి కొత్తది పూర్తిగా స్థిరపడాలంటే ఒక తరం జనాభాకి సుమారు ముప్పై రెట్ల మంది ఆ తరాలన్నిటి మీదా వారసులు లేకుండా పోవాల్సి వస్తుందని, అందుకే ఇది నెమ్మదిగా, సుమారు మూడు వందల తరాలకి ఒకటి చొప్పున జరుగుతుందని అంచనా వేశారు. ఆ అంకెల మీద తర్వాతి వాళ్ళు చాలా వాదించుకున్నారు. అంకె ఏదైనా, వెల అంటూ ఒకటి ఉందని కాగితం మీద పెట్టింది ఆయన.

మన భువనేశ్వర్‌లో

అదే 1957లో ఇంగ్లండు వదిలి, మహలనోబిస్ పిలుపు మీద కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చేశారు. వెంట హెలెన్ కూడా. అంతకు ముందు ఏడాది సూయజ్ కాలువ కోసం బ్రిటన్ చేసిన దాడి ఆయనకి అసహ్యం పుట్టించింది. ఇక్కడికొచ్చి మన బట్టలు కట్టారు, మాంసం మానేశారు, 1961లో భారత పౌరుడయ్యారు. అరవై ఐదేళ్ళకి దగ్గర పడ్డాక దేశం, తిండి, బట్ట మార్చుకోవడం చిన్న సంగతి కాదు. అయితే ఆయన దేనికీ తలొంచి సర్దుకుపోయే రకం కాదు. కలకత్తా సంస్థలో పడకపోతే బయటికొచ్చేశారు. 1962లో ఒడిశా ప్రభుత్వం భువనేశ్వర్‌లో జన్యుశాస్త్ర ప్రయోగశాల పెట్టుకోవడానికి వీలు కల్పించింది. అప్పటి ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్.

ఖరీదైన యంత్రాలు లేవని ఏడవక్కర్లేదని ఆయన ఇక్కడి విద్యార్థులకి నేర్పారు. ప్రాణిని చంపకుండా, ఓపిగ్గా చూస్తూ లెక్కపెడుతూ కూడా మంచి జీవశాస్త్రం చేయొచ్చని చూపించారు. కొబ్బరిచెట్ల ఆకులు ఎడమ మెలిక తిరుగుతాయా, కుడి మెలికా అని ఒకరు లెక్కపెట్టారు. పిఠాపురం నుంచి వెళ్ళిన ద్రోణంరాజు కృష్ణ అనే తెలుగు కుర్రాడు లంటానా పొదల దగ్గర నిలబడి, ఏ రంగు పువ్వు మీద ఏ సీతాకోకచిలుక వాలుతోందో రాసుకున్నాడు. ఒక్కో జాతి చిలుకకి ఒక్కో రంగు మీద మక్కువ అని తేలింది. అలా వేరువేరు రంగుల పూలు వేరువేరు అతిథుల వల్ల కాలక్రమంలో వేరువేరు దారులు పట్టొచ్చు. లంటానా అంటే ఏదో కాదు, మన రోడ్ల పక్కన గుత్తులు గుత్తులుగా పూసే ఆ ముళ్ళపొదే. రోజూ దాటిపోతాం, ఎప్పుడైనా నిలబడి లెక్కపెట్టామా? ద్రోణంరాజు తర్వాత పేరున్న జన్యుశాస్త్రవేత్త అయ్యారు, గురువుగారి జీవితం మీద పుస్తకాలు రాశారు.

కాకినాడకి

1963 చివర్లో హాల్డేన్‌కి పెద్దపేగు చివర క్యాన్సర్ అని తెలిసింది. లండన్‌లో ఆపరేషన్ జరిగింది. ఆస్పత్రి మంచం మీదే ఆ జబ్బు మీద ఒక హాస్యకవిత రాసి అచ్చేయించారు. భయపడి దాచుకోకుండా వెంటనే డాక్టరుకి చూపించుకోండని చెప్పడమే దాని ఉద్దేశం. తను పోయాక ప్రసారం చేయమని తన సంస్మరణ ప్రసంగం కూడా తనే బి.బి.సి.కి రికార్డు చేసి ఇచ్చేశారు. జబ్బు తిరగబెట్టి 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు.

బతికుండగా తన ఒంటిని పరిశోధనకి వాడుకున్న మనిషి, పోయాక దాన్ని తగలబెట్టనిస్తారా? ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి ఇచ్చేశారు. గనిలో షేక్స్‌పియర్ చదువుతూ కింద పడిన ఆ ఒళ్ళు, ఉక్కు గదిలో వెన్ను విరుచుకున్న ఆ ఒళ్ళు, చివరికి మన తెలుగు పిల్లలకి పాఠంగా పనికొచ్చింది.

ఇంట్లో, హాస్టల్లో, రేపు వెళ్ళబోయే ఇంట్లో మనం అడ్జస్ట్ అవ్వమనే మాట చాలాసార్లు వింటాం. ఒడిశాలో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళం, రెండు భాషల మధ్య సర్దుకోవడం మనకి తెలియనిదీ కాదు. సర్దుకోవడం కొన్నిసార్లు మంచిదే. కానీ అది ప్రకృతి ధర్మం, లోకంలో ప్రతి ప్రాణీ సర్దుకునే బతుకుతోంది అని ఎవరైనా చెబితే మాత్రం హాల్డేన్‌ని గుర్తు తెచ్చుకోండి. ఒక ఒళ్ళు సర్దుకోవడానికి ఒక హద్దు ఉంది, దాన్ని కొలవొచ్చు. ప్రకృతిలోని అనుకూలనానికి ఒక వెల ఉంది, దాన్ని ఎవరో ఒకరు కడతారు. ఎంత, ఎవరు అని అడగడం తప్పు కాదు.

ఇక నా పరీక్ష జవాబు. ఇప్పుడైతే ఇలా రాస్తాను: ఒంటె ఏమీ పెంచుకోలేదు. ఒకప్పటి ఒంటెల్లో కొవ్వు ఒకచోట దాచుకునే వీలు పుట్టుకతో కాస్త ఎక్కువ ఉన్నవి ఎక్కువ పిల్లల్ని మిగిల్చాయి. లేనివాటి సంతతి తరతరానికీ తగ్గిపోయింది. మనం ఇవాళ చూసే మూపురం మిగిలినవాటి పిల్లలది. మూపురంలో ఉండేది నీళ్ళు కాదు, కొవ్వు అని కూడా చేరుస్తాను.

జువాలజీ విభాగం మిత్రులు ఎవరైనా చదివి ఇందులో తప్పు కనపడితే కింద ఎర్రగీత గీయండి. ఈసారి బాధపడను.

తెలుగు విభాగం, బి.ఏ. రెండో సంవత్సరం